నెమ్మది, పాప పడుకుంది

వసంత సెలవులు మొదలైన రోజున మేస్త్రి ఇంట్లో వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. తెల్లవారుతుండగా లేవాలి. చప్పుడు చేయకుండా తయారవ్వాలి. పడుకున్న చిన్నపిల్లను పడుకున్నట్టే వ్యానులోకి చేర్చాలి. అక్కడినుంచి రైలు, మధ్యాహ్నానికల్లా కొండమీద వదినగారి ఇల్లు, ఆ ఇంటి తోటలో కొత్తగా విచ్చిన పూలు. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని మేస్త్రి ముందురోజు సాయంత్రం భార్యను అడిగాడు. ఆమె అతని వంక ఒకసారి చూసి, బట్టలు మడతపెట్టుకుంది.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. ఇల్లు మారేవాళ్ళ సామాను కట్టి, లారీకెక్కించి, కొత్త ఇంట్లో దించే కంపెనీలో ప్యాకింగ్ మేస్త్రి. అతని చేతిమీదుగా వెళ్ళిన అద్దం పగల్లేదు, కుర్చీ కాలు విరగలేదు. పనిలో అతనికి రెండు నియమాలు. పెళుసు వస్తువు మూతికి ముందు మెత్తటిదేదైనా తొడగాలి, ఆ తర్వాతే దుప్పటి చుట్టాలి. ఒకసారి కట్టిన మూటను చేరాల్సిన చోటు చేరేదాకా విప్పకూడదు. దారిలో విప్పి చూసుకునేవాడికి తన పనిమీద తనకే నమ్మకం లేదని అతని వాదన. ఈ పాఠం అతను కంపెనీలో చెప్పి, ఇంటికొచ్చి అన్నం తింటూ మళ్ళీ చెప్పేవాడు. భార్యకు అది కంఠతా వచ్చేసి చాలాకాలమైంది.

ఇక చిన్నపిల్ల. మూడేళ్ళు నిండాయి. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ వీధంతా సైరన్ అనే పిలుస్తుంది. తనంతట తాను లేచిందా, బంగారుతల్లి. ఎవరైనా లేపారా, ఇక ఆ గొంతును ఆపడం ఎవరి తరమూ కాదు. కింది వాటాలో ఉండే ముసలి దర్జీ ఓసారి ఆ ఏడుపుకు మిషను మీద ఉలిక్కిపడి, ఒక పెళ్ళికొడుకు కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టాడు. అందుకే ఆ ఇంట్లో పిల్ల పడుకుందంటే గిన్నెలు కూడా భయంభయంగా ఉంటాయి.

పోయిన ప్రయాణంలో పిల్లను తాను చూసుకుంటానని మేస్త్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిల్లకంటే ముందు తానే గురకపెట్టాడు. లేచేసరికి ఒళ్ళు ఖాళీ. పిల్ల రెండు వరసల అవతల ఎవరివో బిస్కెట్లు తింటూ దొరికింది. ఆనాటి నుంచి భార్య దాన్ని అతని చేతికి వదలడం మానేసింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఊళ్ళోవాళ్ళంతా తమ గాజు సామాను నమ్మి అతని చేతుల్లో పెడుతుంటే, కట్టుకున్న భార్య కన్నబిడ్డను పెట్టదు. ఈ ప్రయాణంలో ఎలాగైనా ఆ నమ్మకం తిరిగి సంపాదించుకోవాలని అతను గట్టిగా అనుకున్నాడు.

"రేపు పిల్లలిద్దర్నీ నేనే చూసుకుంటా. నువ్వు నీ రైలుపెట్టెలో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చో" అన్నాడు. సెలవుల రద్దీలో సీట్లు ఒకచోట దొరకలేదు. రెండు వెనక పెట్టెలో, ఒకటి ముందు పెట్టెలో వచ్చాయి.

"చూద్దాంలెండి" అంది భార్య.

పెళ్ళై ఇన్నేళ్ళైనా మేస్త్రికి ఆ మాట సరే అన్నట్టుగానే వినిపించింది. ఉత్సాహంగా లేచి సామాను కట్టడం మొదలుపెట్టాడు. వదినకోసం కొన్న పింగాణీ పూలకుండీ ఒకటుంది. నడుము బొద్దుగా, మెడ సన్నగా, చుట్టచుట్టుకుని పడుకున్న మూడేళ్ళ పిల్లంత ఉంటుంది, బరువూ ఇంచుమించు అంతే. దాన్ని కంపెనీ వాళ్ళ బూడిదరంగు మందపాటి దుప్పట్లో చుట్టాడు. ఇంట్లోని దూదిదిండ్లన్నీ కలిపి, అలాంటిదే మరో దుప్పట్లో, రాయిలా బిగించి కట్టాడు. పెద్దమ్మాయి కాళ్ళను కూడా కట్టబోతే అది నవ్వుకుంటూ పారిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా గదిలో దీపం వేయలేదు. కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులో మంచం అంచున కుందేళ్ళ బొమ్మల దుప్పటి కనిపించింది. సైరన్ దుప్పటి. దాని పైకొసలోంచి గులాబీరంగు ఊలుటోపీ తొంగిచూస్తోంది. మేస్త్రి ఊపిరి బిగబట్టి, మోకాళ్ళు వంచి, కంపెనీ పద్ధతిలో అడుగున ఒక చెయ్యీ నడుముకు ఒక చెయ్యీ వేసి పైకెత్తాడు. పిల్ల ఇసుమంతైనా కదల్లేదు. ఇంత కాలానికి తన పనితనం ఇంట్లోనూ పనికొచ్చిందని అతనికి పొంగిపోయినట్టయింది.

హాల్లోకి వస్తే భార్య ఎదురైంది. ఆమె చేతుల్లో బూడిదరంగు మూట. దాన్ని గుండెకు హత్తుకుని, అరచేత్తో తడుతోంది. అక్కకిచ్చే కుండీ మీద ఎంత ప్రేమో అనుకున్నాడు మేస్త్రి. ఆమె అతని చేతుల్లోని కుందేళ్ళ దుప్పటి చూసి మెచ్చుకోలుగా తలాడించింది. ఇద్దరూ పెదవుల మీద వేళ్ళు పెట్టుకున్నారు. నిద్రమత్తులో ఉన్న పెద్దమ్మాయి చొక్కా పట్టుకుని వెనకాలే వచ్చింది. వ్యానులో ఎవరూ నోరు మెదపలేదు. స్టేషనుకు చేరేసరికి రైలు వచ్చేసి ఉంది. ఆమె ముందుకు, అతను వెనక్కు పరుగెత్తారు.

తన సీటు దొరికాక మేస్త్రి పెద్దమ్మాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మూటను ఒళ్ళో పెట్టుకుని, టోపీని కాస్త కిందికి లాగాడు. ఎదురుగా ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. ఆమె పక్కన బట్టతల పెద్దాయన రుమాలుతో ముక్కు మూసుకుని ఉన్నాడు. కిటికీ బయట చెట్లన్నీ పూసి ఉన్నాయి, ఆ పుప్పొడి ఆయనకు పడదు. గొంతు సవరించుకుని ఒక పెద్ద దగ్గుకు సిద్ధమయ్యాడు.

"ష్ష్!" అన్నాడు మేస్త్రి. "దయచేసి నెమ్మదండీ. పాప పడుకుంది."

పెద్దాయన దగ్గును నోట్లోనే ఆపుకుని, కళ్ళు పెద్దవి చేసి, మెల్లగా మింగాడు.

"మధ్యలో లేపితే ఊరుకోదండీ. ఈ పెట్టె కాదు, ఇంజను కూడా ఆగిపోతుంది" అని మేస్త్రి గుసగుసగా వివరించాడు. ఊలు ఆవిడ సూదులు తగిలి టక్కుమనకుండా ఒడుపుగా అల్లడం మొదలుపెట్టింది. వెనక వరసవాళ్ళు ఫోను పాటలు ఆపేశారు. టీ అమ్మేవాడు అలవాటుగా గొంతెత్తబోతే పది చేతులు ఒక్కసారి లేచాయి. వాడు బెదిరిపోయి, ఒక్కొక్కరి చెవి దగ్గరికి వంగి "టీ... టీ..." అని ఊదుకుంటూ పోయాడు. పెద్దమ్మాయి బిస్కెట్లు కరకరలాడించబోతే నీళ్ళలో ముంచుకుని తినమన్నాడు తండ్రి. "నాన్నా..." అని అదేదో మొదలుపెట్టగానే వేలు పెదవి మీద పెట్టాడు. అది మూతి ముడుచుకుని కిటికీలోంచి పూలచెట్లు చూసుకుంది.

రైలు నడుస్తూ ఉంది. మేస్త్రి కాళ్ళు తిమ్మిరెక్కాయి, నడుము పట్టేసింది. అయినా ఈసారి కన్ను మూయలేదు. ముందు పెట్టెలో భార్య హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుంది, కొండ స్టేషనులో దిగి నిద్రపోతున్న పిల్లను చూసి నోరు తెరుస్తుంది. ఆ నోరు ఎలా తెరుచుకుంటుందో ఊహించుకుంటూ మూటను జోకొట్టాడు.

"ఇంత ఓపికున్న తండ్రిని నేను చూళ్ళేదండీ. మా ఆయన పిల్లల్ని ఎత్తుకుంటే పిల్లలకి నడుంనొప్పొచ్చేది" అంది ఊలు ఆవిడ నెమ్మదిగా.

"అలవాటండీ" అన్నాడు మేస్త్రి వినయంగా.

ఆవిడ మరికొంచెం అల్లింది. మధ్యలో తలెత్తి మూట వంక చూసింది. అల్లింది. మళ్ళీ చూసింది. "ఇందాకణ్ణించీ ఒక్కసారి కూడా కదల్లేదే?"

"మొద్దు నిద్రండి."

"పాలు తాగదా?"

"లేచాక తాగుతుంది."

"లేస్తుందా?" అన్నాడు బట్టతల పెద్దాయన. ఆ ప్రశ్న అడిగిన తీరు మేస్త్రికి నచ్చలేదు.

"ముఖం మీద ఆ దుప్పటి కాస్త తీయండి. గాలాడొద్దూ?" అంది ఊలు ఆవిడ.

"ఒకసారి చుట్టాక చేరేదాకా విప్పకూడదండీ. అది మా పద్ధతి."

ఊలు ఆవిడ సూదులు ఆగిపోయాయి. "మా పద్ధతంటే? ఎవరి పద్ధతి?"

"అంటే, మా కంపెనీలో..."

ఇక అక్కడినుంచి పెట్టెలో గుసగుసలు వేరే దారి పట్టాయి. పిల్లల్ని దుప్పట్లో చుట్టి చేరవేసే కంపెనీ ఒకటుందన్న సంగతి వరస వరసకూ పాకి, టాయిలెట్ల దాకా వెళ్ళి, మరింత బలంగా వెనక్కి వచ్చింది. ఎవరో వెళ్ళి టికెట్ కలెక్టరును పిలుచుకొచ్చారు. అతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పాప పడుకుందని దారిలోనే చెప్పినట్టున్నారు, మునివేళ్ళ మీద నడిచొచ్చాడు.

"పాప మీదేనా?" అని రహస్యంగా అడిగాడు.

"నాదేనండీ!"

"పేరు?"

రాత్రి సరిగా నిద్రలేదు, కాళ్ళు తిమ్మిరి, చుట్టూ ఇన్ని కళ్ళు. మేస్త్రి నోటికి ఇంట్లో పెట్టిన పేరు రాలేదు. "సైరన్" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. టికెట్ కలెక్టరు పెద్దమ్మాయి ముందు వంగి, "పాపా, ఈయన మీ నాన్నేనామ్మా? భయపడకుండా చెప్పు" అన్నాడు. పెద్దమ్మాయి నోరు తెరిచి, తండ్రి వంక చూసింది. మేస్త్రి చెయ్యి అలవాటుకొద్దీ వేలు పెదవి మీద పెట్టేసింది. పిల్ల బుద్ధిగా నోరు మూసుకుంది. ఊలు ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మీరు దుప్పటి తీస్తారా, నన్ను తీయమంటారా?" అన్నాడు టికెట్ కలెక్టరు. కోపంగానే అన్నాడు గానీ గొంతు మాత్రం పెంచలేదు.

"వద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటా. అది లేస్తే మీరే బాధపడతారు" అని మేస్త్రి బతిమాలుతుండగానే, అతను రెండు వేళ్ళతో ఊలుటోపీని సుతారంగా పైకి లాగాడు.

టోపీ కింద తెల్లటి పింగాణీ మూతి, దాని చుట్టూ నీలిరంగు పూలు.

మేస్త్రి కుండీ వంక చూశాడు. కుండీ నోరు తెరుచుకుని అతని వంక చూసింది.

"ఈ కుండీ కోసమా నేను ఇంతసేపు దగ్గకుండా చచ్చింది?" అన్నాడు బట్టతల పెద్దాయన. ఆ ఉదయం నుంచి ఆ పెట్టెలో గట్టిగా వినిపించిన మొదటి మాట అదే. వెనక వరసల్లోంచి నవ్వులూ తిట్లూ ఒకేసారి లేచాయి. టీ అమ్మేవాడు కసిదీరా "టీయ్!" అని అరిచాడు.

మేస్త్రికి అవేవీ వినపడలేదు. "నా కూతురేదీ?" అన్నాడు. ఎవరినీ అడగలేదు, గాలిని అడిగాడు. "ఇది కుండీ అయితే నా కూతురేదీ?"

నవ్వులు ఆగిపోయాయి.

అతని బుర్ర తన పద్ధతిలో లెక్క వేసుకుంటూ పోయింది. కుండీ ఇక్కడుంది. అంటే భార్య గుండెకు హత్తుకుని తీసుకెళ్ళింది కుండీ కాదు. బూడిదరంగు మూట ఇంట్లో ఇంకొక్కటే ఉంది, దిండ్ల మూట. సొంత దిండు లేకపోతే ఆమెకు నిద్రపట్టదు, అందుకే దిండ్లు పట్టుకెళ్ళింది. పిల్ల తన దగ్గరుందనుకుంది. పిల్లలిద్దర్నీ నేనే చూసుకుంటానని తానే కదా అన్నాడు! మరి పిల్ల?

"తల్లీ, పొద్దున చెల్లిని చూశావా?" అని పెద్దమ్మాయి భుజాలు పట్టుకున్నాడు.

ఇంతసేపటికి మాట్లాడనిచ్చారు కదా అని అది సంబరంగా, "చూశా. మంచం మీద పడుకుంది" అంది.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. బయట తాళం వేసిన ఇల్లు, లోపల మంచం మీద మూడేళ్ళ పిల్ల. వేసిన తాళం తన జేబులోని తాళంచెవితోనే వేశాడు, వేశాక లాగి కూడా చూశాడు. పెద్ద మగాడు, అల్మారాలు ఒంటిచేత్తో ఎత్తేవాడు, అందరి ముందూ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు.

పెట్టెలో అందరికీ మనసు కరిగిపోయింది. ఊలు ఆవిడ తన సంచిలోని నీళ్ళసీసా అందించింది. భార్యకు ఫోను చేయమన్నారు. చేశాడు. ఎత్తలేదు. పిల్ల పడుకున్నప్పుడు ఫోను మూగగా పెట్టడం ఆ ఇంటి ఆచారం. నడిచి వెళ్దామంటే మధ్యలో సామాను పెట్టె, దారి లేదు. "గొలుసు లాగేదా?" అని బట్టతల పెద్దాయన లేచాడు. "ఇక్కడ ఆగితే ఏముందండీ, చుట్టూ అడవి. ముందు పెద్ద స్టేషనొస్తుంది" అని టికెట్ కలెక్టరు ఆయన్ను కూర్చోబెట్టాడు. అప్పుడు మేస్త్రికి కింది వాటా దర్జీ గుర్తొచ్చాడు.

"బాబాయ్!" అన్నాడు ఫోనులో. "పాపని ఇంట్లో మర్చిపోయా బాబాయ్. మంచం మీద పడుకుని ఉంది. తాళం వేసుంది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. "సైరనా? మా నెత్తి మీదేనా?" అని దర్జీ గొంతు ఒక్కసారి అట్టడుగుకు దిగిపోయింది. "లేచిందా?"

"తెలీదు. తలుపు కొట్టి చూడు. కాదు, కొట్టకు! ఒంటరిగా లేస్తే దడుచుకుంటుంది. ఎలాగో లోపలికెళ్ళి, పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఎత్తుకుని కిందికి తీసుకురా. ముఖం మీద వెలుతురు పడనీకు, దుప్పటి తీయకు."

"అది నువ్వు నాకు చెప్పాలా?" అన్నాడు దర్జీ. అతనికి ఆ కోటు ఇంకా గుర్తే.

ఆ తర్వాత గడిచిన సమయం ఆ పెట్టెలో ఎవరూ అంత తేలికగా మరచిపోరు. దర్జీ మధ్యమధ్యలో ఫోను చేస్తున్నాడు, మేస్త్రి విని చెబుతున్నాడు, వరసవరసకూ ఆ కబురు అందుతోంది. తాళం పగలగొడితే చప్పుడవుతుందని వీధివాళ్ళు ఒప్పుకోలేదట. అందుకని ఫైరింజన్ను పిలిపించారట. గంట కొట్టకుండా రమ్మంటే డ్రైవరు ముందు నమ్మలేదట, వీధి చివర ఇంజను ఆపేసి బండిని తోసుకుంటూ తెచ్చారట. నిచ్చెనకు గుడ్డలు చుట్టి బాల్కనీకి ఆనించారట. వీధిలో కుక్కలకు కూడా రొట్టెలేసి దూరంగా తీసుకెళ్ళారట.

"ఎక్కారు" అన్నాడు మేస్త్రి. పెట్టెలో ఎవరూ ఊపిరి తీయలేదు. "గదిలోకి వెళ్ళారు." ఊలు ఆవిడ సూదులు గట్టిగా పట్టుకుంది. "దొరికింది! మంచం మీదే ఉందట. దుప్పట్లో చుట్టుకుని హాయిగా పడుకుందట!"

పెట్టె మొత్తం చప్పట్లు కొట్టింది. బట్టతల పెద్దాయన మేస్త్రిని కౌగలించుకున్నాడు.

"ఫైరాయన భుజం మీద వేసుకుని దింపాడు. ఎంత బుద్ధిగా పడుకుందో!" అంటున్నాడు దర్జీ అవతల, ఊపిరి తీసుకున్నంత మెల్లగా. "ఇప్పుడు మీ పిన్ని ఒళ్ళో ఉంది. కాకపోతే ఒక మాట మేస్త్రీ, ఏమనుకోకు. పిల్ల బరువు తక్కువగా ఉందంటున్నాడు ఫైరాయన. సరిగ్గా తిండి పెట్టట్లేదా?"

"ఊపిరి సరిగా తీస్తోందా బాబాయ్?"

"మీ పిన్ని చెవి పెట్టి వింది. తీస్తోందట, సన్నగా."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఇక ఒక్కటే మిగిలింది, భార్యకు చెప్పడం. పిల్ల క్షేమంగా ఉందన్న సంతోషం ఒకపక్క, ఆమెకేం చెప్పాలోనన్న భయం ఒకపక్క. ఇక ఈ జన్మలో ఆమె తనకు పిల్లను కాదు, పిల్ల చెప్పులు కూడా అప్పగించదు. పెట్టెలోవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. ముందు పాప క్షేమమని చెప్పి తర్వాత మిగతాది చెప్పమని ఊలు ఆవిడ అంది. అసలేమీ చెప్పకుండా ముందు ఏడవమని బట్టతల పెద్దాయన అన్నాడు, తన ఇంట్లో అదే పనిచేస్తుందట. టికెట్ కలెక్టరు తాను సాక్ష్యం చెబుతానన్నాడు గానీ ఏమని చెప్పాలో అతనికి తెలియలేదు.

పెద్ద స్టేషను వచ్చింది. రైలు ఆగింది. మేస్త్రి ఒక చేత్తో కుండీని, ఒక చేత్తో పెద్దమ్మాయిని పట్టుకుని, గుండె చిక్కబట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. తిరుగు రైలెక్కి ఇంటికి పోవాలి. దానికి ముందు ఆమెకు చెప్పాలి.

ప్లాట్‌ఫారం మీద జనం చీలిపోతున్నారు. ముందు పెట్టెల వైపునుంచి ఒక ఏడుపు వస్తోంది. కూలీలు బరువులు దించి చెవులు మూసుకుంటున్నారు. ఆ గొంతు మేస్త్రికి తెలుసు. ప్రపంచంలో అలాంటి గొంతు ఒక్కటే ఉంది, అది ప్రస్తుతం దర్జీ ఇంట్లో పడుకుని ఉంది.

జనంలోంచి భార్య ప్రత్యక్షమైంది. జుట్టు చెదిరి, ఒక భుజం మీద బూడిదరంగు దుప్పటి వేలాడుతూ, చంకలో ఎర్రగా కందిపోయిన ముఖంతో సైరన్.

"ఏమండీ, దీన్ని కాసేపు పట్టుకోండి, నా చేతులు పడిపోయాయి. ఎవడో కిటికీ దఢాలుమని వేశాడు, లేచి కూర్చుంది" అని పిల్లను అతని చేతుల్లో పెట్టి, కుండీని తాను అందుకుంది.

మేస్త్రి పిల్ల వంక చూశాడు. ముక్కు, చెంప మీద పుట్టుమచ్చ, తడిసిన కనురెప్పలు. ముద్దుగా, బరువుగా, వెచ్చగా, పూర్తిగా తనదే. దాన్ని గట్టిగా పట్టుకుని మెడలో ముఖం దాచుకున్నాడు. తండ్రి గడ్డం తడిగా తగిలేసరికి అది ఆశ్చర్యపోయి ఏడుపు ఆపేసింది. అది దొరికిందన్న సంతోషంలో, రెండుచోట్ల దొరికిందన్న సంగతి అతనికి కాస్త ఆలస్యంగా తట్టింది.

"ఇది... నీ దగ్గర..." అన్నాడు.

"నా దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుంది? తెల్లారగట్ల చలికి ముడుచుకుంటోందని మీ కంపెనీ దుప్పటి దీనికి చుట్టి, దీని దుప్పటి కుండీకి చుట్టా. మూతికి మెత్తటిది తొడగాలని రోజూ అన్నంలో కలిపి పెడతారు కదా, దీని టోపీ తొడిగా. బాగుందా?"

"మరి దిండ్లు?"

"దిండ్లెందుకు? మంచం మీదే వదిలేశా. అక్కావాళ్ళింట్లో దిండ్లుండవా ఏంటి?"

మేస్త్రి కళ్ళ ముందు దర్జీ భార్య ఒళ్ళో నిద్రపోతున్న దిండ్లు కనబడ్డాయి. సన్నగా ఊపిరి కూడా తీస్తున్నాయి.

భార్య అతని వంక పరీక్షగా చూసింది. "అదేంటి, కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయి? పడుకోలేదా?"

"ఒక్క క్షణం కన్ను మూయలేదమ్మా" అంది తలుపులోంచి ఊలు ఆవిడ. "ఆ మూటని ఒళ్ళోంచి దించలేదు. కంటికి రెప్పలా కాపాడుకొచ్చాడు." ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. మేస్త్రి చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. బట్టతల పెద్దాయన సరిగ్గా అప్పుడు, పొద్దుటినుంచి దాచుకున్న దగ్గునంతా బయటపెట్టాడు. ఆ దగ్గు ఆగేసరికి చెప్పే అదను కాస్తా దాటిపోయింది.

భార్య కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. గీత పడలేదు. ఆమె ముఖం మెత్తబడింది. ఆ చూపు కోసం అతను ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాడు.

"నిజం చెప్పొద్దూ, ఒళ్ళోనే పెట్టుకుని తెస్తారనుకోలేదు. కుండీనే ఇంత భద్రంగా చూసుకున్నారంటే... వచ్చేటప్పుడు దీన్ని మీరే తీసుకురండి. కాదు, ఇప్పట్నించే ఉంచుకోండి. నేను కాసేపు పడుకుంటా" అని కుండీని చంకనెత్తుకుని తన పెట్టెవైపు వెళ్ళిపోయింది.

పెట్టెలోవాళ్ళంతా ఒక్కసారిగా కిటికీల్లోంచి పూలచెట్లు చూడడంలో మునిగిపోయారు. రైలు కదిలింది. మేస్త్రి మళ్ళీ తన సీట్లో చేరి సైరన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని వేళ్ళు తన వేళ్ళలో ఇరికించుకున్నాడు. జేబులో ఫోను వణికింది. దర్జీ.

"మేస్త్రీ" అన్నాడు దర్జీ, వినీ వినపడనట్టు. "ఇంకా లేవలేదు. మీ పిన్నికి ఒళ్ళు తిమ్మిరెక్కితే ఎదురింటావిడ మార్చుకుంది. ఇప్పుడు పక్కవీధివాళ్ళు కూడా వంతుకొచ్చి కూర్చున్నారు. ఫైరాయన పాలడబ్బా కొనుక్కొచ్చాడు. దుప్పటి తీసి లేపమంటావా?"

మేస్త్రి ఒళ్ళోని పిల్లను చూశాడు. ఆ ఫైరాయన్ను తలుచుకున్నాడు. భార్య ఇందాక చూసిన చూపును తలుచుకున్నాడు.

"వద్దు బాబాయ్" అన్నాడు నెమ్మదిగా. "తనంతట తను లేవనీ."

ఆ వసంతం మొత్తంలో తమ వీధి అంత ప్రశాంతంగా ఉన్న రోజు మరొకటి లేదని దర్జీ ఇప్పటికీ చెబుతూ ఉంటాడు.